హెడ్‌గార్డ్ వెనక ముఖం

నిజామాబాద్‌లో ఏ గల్లీ పిల్లగాణ్ని అడిగినా కోహ్లి జెర్సీ నంబరు 18 అని ఠక్కున చెప్పేస్తాడు. అదే ఊరి ఆడబిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్ ఎన్ని కిలోల విభాగంలో ఆడుతుందంటే తల గోక్కుంటాడు. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోలు, 2023లో ఢిల్లీలో 50 కిలోలు. రెండుసార్లూ ప్రపంచ విజేత. ఇందుకు పిల్లగాణ్ని తిట్టి లాభం లేదు. మనోళ్లకు క్రికెట్ పిచ్చి అని సరిపెట్టుకోవడమూ సగం నిజమే. ఆటగాణ్ని బ్రాండ్ చేసేది ఆట కాదు, ఆట మధ్యలో దొరికే ఖాళీ అని నా వాదన. టీ20లో రెండు జట్లకూ కలిపి 40 ఓవర్లు. ఓవర్ అయిందో లేదో పాన్ మసాలా ప్రత్యక్షం. బాక్సింగ్‌లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, నడుమ విరామాలు రెండు, అవీ నిమిషం చొప్పున. ఆ కాస్తలో కోచ్ నీళ్లు తాగించాలా, కంపెనీవాడు సబ్బు అమ్మాలా? పైగా ఆడవాళ్ల బాక్సింగ్‌లో హెడ్‌గార్డ్ ఒకటి. ముఖం సగం కనబడని మనిషితో ఫేస్‌క్రీమ్ ఎట్లా అమ్మిస్తారు?

ఫుట్‌బాల్‌లో 45 నిమిషాలు ఏకబిగిన ఆడతారు, అయినా మెస్సీని ఎరగని దేశం లేదు కదా అంటారు. నిజమే. అక్కడ ప్రకటన విరామం కోసం కాచుకోదు. చొక్కా మీదికెక్కి ఆటగాడితో పాటే ఉరుకుతుంది. పైగా వారం వారం లీగు. నాలుగేళ్లకోసారి వచ్చే చెరుకును నమ్ముకుని బోధన్‌లో ఎవరైనా షుగర్ ఫ్యాక్టరీ పెడతారా? బాక్సింగ్ మన కంటబడేదేమో ఒలింపిక్స్ ఏడాదిలోనే. 2024 పారిస్‌లో సీడింగ్ లేని నిఖత్‌కు ప్రీక్వార్టర్స్‌లోనే టాప్ సీడ్ వూ యు తగిలింది. ఓడించిన ఆ చైనా అమ్మాయే చివరికి స్వర్ణం పట్టుకుపోయింది. ‘స్వర్ణ విజేత చేతిలోనే ఓడింది’ అని రాసి ఏ టూత్‌పేస్టూ అమ్ముడుపోదు మరి. మేరీ కోమ్ సంగతేమిటంటారా? ఐదు ప్రపంచ టైటిళ్లు, లండన్ కాంస్యం అయ్యాక 2014లో సినిమా వచ్చింది, అందులోనూ తెర మీది ముఖం ప్రియాంకా చోప్రాది. హెడ్‌గార్డ్ మాట నేను ఊరికే ఎత్తలేదు.

ఈ తేడాను కొంత సరిచేసింది ఒక్క సర్కారే. 2024లో నిఖత్‌కూ, హైదరాబాద్ సిరాజ్‌కూ తెలంగాణ ప్రభుత్వం ఒకే డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. జీతాల పట్టికకు ఓవర్ల మధ్య విరామంతో పని లేదు గనక అక్కడ ఇద్దరూ సమానమే. అదే ఏడు నవంబరు ఐపీఎల్ వేలంలో గుజరాత్ టైటాన్స్ సిరాజ్‌ను 12.25 కోట్లకు కొనుక్కుంది. బాక్సర్లకు వేలంపాట లేదు.