మా రోజుల్లో గాలానికి దారం ఒక్కటే

ఈ కాలం కుర్రాళ్లకి గాలం వెయ్యాలని బుద్ధి పుడితే ముందు సముద్రం దగ్గరికి పోరు, ఫోను దగ్గరికి పోతారు. పన్నెండడుగుల రాడ్డు చూస్తారు, దానికి తగ్గ రీలు చూస్తారు, ఇక ఆ రీలుకి చుట్టే దారం కాడికొచ్చేసరికి తల తిరిగిపోతుంది. మోనో అంట, బ్రెయిడ్ అంట, ఫ్లోరోకార్బన్ అంట. బ్రెయిడ్‌లో మళ్లీ నాలుగు పోగులది, ఎనిమిది పోగులది. పచ్చది, పసుపుది, పది మీటర్లకోసారి రంగు మారేది. ఏది కొనాలో తేలక చివరికి నా దగ్గరికొచ్చి "తాతా, ఏది మంచిది?" అంటారు. అడగడం మంచిదే నాయనా, నాకూ పొద్దు పోతుంది. కానీ అడిగేలోపే అన్నిట్లోకీ ఖరీదైంది కొనేసి, సంచిలో పెట్టుకునొచ్చి మరీ అడుగుతారు చూడు, అక్కడ నాకు కడుపు మండుతుంది.

మా రోజుల్లో కోవూరు బజార్లో గాలానికి దారం అంటే తెల్ల నైలాన్ ఒక్కటే, ఇప్పుడు మీరు మోనో అంటున్నదే. సన్నం, లావు, రెండే మాటలు. కాలవకి అంటే సన్నం తీసిచ్చేవాళ్లు, సముద్రానికి అంటే లావు. అట్టముక్కకి చుట్టి ఉండేది. ఎన్ని పౌండ్ల బరువు ఆపుతుందో దాని మీద రాసి ఉండేది కాదు, రాసినా చదివేవాడు లేడు. రెండు చేతులకీ గుడ్డ చుట్టుకుని మూరెడు దారం పట్టి గుంజి చూసేవాళ్లం. తెగితే ఇంకోటి తియ్యమనేవాళ్లం. అంగడాయన విసుక్కునేవాడు, మేమూ విసుక్కునేవాళ్లం, బేరం అయిపోయేది. ఇప్పుడు అట్టపెట్టె, దాని లోపల ప్లాస్టిక్ పెట్టె, దాని లోపల స్పూలు. విప్పడానికే కత్తెర కావాలి.

ఆ దారం ఇంటికి తెచ్చి ఖాళీ సీసాకి చుట్టేవాళ్లం. రాడ్డు లేదు, రీలు లేదు. చివర సీసపు గుండు, దానికి జానెడు పైన ఒక గాలం, ఆ పైన ఇంకోటి. ఎడమ చేత్తో సీసా అడుగు పట్టుకుని, మెడ సముద్రం వైపు చూపించి, కుడి చేత్తో గుండుని గిర్రున తిప్పి వదిలితే దారం సీసా మెడ మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోయేది. నువ్వు వేలు పోసి కొన్న స్పిన్నింగ్ రీలు చేసే పనీ అదే కదా! స్పూలు కదలదు, దారం దాని అంచు మీదుగా జారిపోతుంది. రీలుకి పిడి పెట్టారు, బేరింగులు పెట్టారు. రాడ్డు తోడైతే సీసా కంటే ఎంతో దూరం పడుతుంది, నిజమే. ఆ ఒక్కటీ ఒప్పుకుంటా.

కోవూరు నుంచి విడవలూరు మీదుగా రామతీర్థానికి సైకిళ్ల మీద పోయేవాళ్లం. దారి పొడుగునా వరి. మొలగొలుకులు కోతకొచ్చే రోజుల్లో ఆ గాలి వాసనే వేరు. తర్వాత పొట్టి వంగడాలొచ్చి మొలగొలుకుల్ని తరిమేశాయి, 1990ల్లో రొయ్యల చెరువులొచ్చి సముద్రం పక్కనున్న వరినే తరిమేశాయి. దేశం పొడుగునా తీరంలో ఆ చెరువుల గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి 1996 డిసెంబరులో తీర్పు కూడా వచ్చింది. చెరువులు మాత్రం ఇంకా ఉన్నాయి. ఏం చెప్తున్నా? ఆఁ, ఎర. అప్పుడు ఎర కొనేవాళ్లం కాదు. అల వెనక్కి పోగానే తడి ఇసకలోకి దూరిపోయే బొటనవేలంత పీతలుంటాయే, వాటిని రెండు చేతులా తవ్వి తీసేవాళ్లం. ఇప్పుడు చెరువు రొయ్యని ఐసు డబ్బాలో తెచ్చుకుంటారు. చేప దాన్నీ తింటుందనుకో.

పల్లెపాలెంలో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాం మేము. మొదటి రోజు ఆయన మమ్మల్ని దారం ముట్టనివ్వలేదు. ఒడ్డున కూచోబెట్టి అలలు చూడమన్నాడు. "యాడ అల విరిగి తెల్లంగా నురగ కడతా ఉండాదో ఆడ దిబ్బ. యాడ విరక్కుండా నల్లంగా వస్తా ఉండాదో ఆడ లోతు. చేప లోతులోనే నడస్తాది" అన్నాడు. ఆ లోతు ఒక్కోసారి ఒడ్డుకి ముప్పై మీటర్ల లోపే ఉంటుంది. అందుకే, దూరం పడాలి కాబట్టి సన్నటి బ్రెయిడ్ కావాలనే మీ ఆత్రం నాకు మింగుడు పడదు. నూరు మీటర్లు విసిరి, చేపల్ని దాటించి, అవతలి దిబ్బ మీద ఎర పారేసి వస్తారు. జెల్లలు, గొరకలు, మాగలు నీ కాళ్ల ముందరే తిరుగుతుంటాయి.

బ్రెయిడ్ చెడ్డదని నేను అనడం లేదు. అది పాలిథిలిన్ పోగే, గట్టితనంలో మాత్రం దానికదే సాటి. 1990ల్లో గాలాల్లోకి వచ్చింది. అంతే బలమున్న నైలాన్ కంటే దాదాపు సగం లావే ఉంటుంది. అవతల చేప మూతి పెట్టినా ఇవతల చేతికి తెలుస్తుంది. తెలిసిన తర్వాత ఏం చేస్తావు? కొత్తోడివి, ఉలిక్కిపడి రాడ్డుని ఒక్క గుంజు గుంజుతావు. బ్రెయిడ్ సాగదు. నూరు సెంటీమీటర్లకి నాలుగైదు సాగితే గొప్ప. గాలం చేప నోరు చించుకుని ఊడొస్తుంది, లేదా ముడి తెగుతుంది. నైలాన్ అయితే తెగేలోపు ఇరవై, పాతిక దాకా సాగుతుంది. నువ్వు చేసిన దుడుకుపని సగం అదే మింగేస్తుంది. అల వచ్చి చేపని ఒడ్డుకి తోసి మళ్లీ వెనక్కి లాక్కుపోతుందే, ఆ లాగుడు కూడా నైలానే సర్దుకుంటుంది. చేయి తిరిగినవాడికి ఆ సాగుడు అక్కర్లేకపోవచ్చు. నీకు కావాలి.

పైగా మన తీరం సంగతి చూడు. పొద్దు వాలే వేళకి సముద్రపు గాలి ముఖానికే కొడుతుంది. విసిరిన దారంలో రవ్వంత వదులుంటే చాలు, బ్రెయిడ్ గాలికి తనంతట తనే ముడేసుకుంటుంది. ఆ ముడి విప్పినవాణ్ణి నేను చూడలేదు, కోసి పారెయ్యడమే. చుట్టూ పొద్దు గుంకుతుంటే మోకాలి మీద చిక్కు పెట్టుకుని సెల్‌ఫోను లైటు పళ్ల మధ్య కరుచుకుని కూచున్న పిల్లల్ని మైపాడులో చూశాను. పాపం అనిపించింది. వాళ్ల వెనక సముద్రం ఊరికే పోతోంది.

మా నాయన కాలంలో నైలానే లేదు, నూలు దారం. తుమ్మచెక్క ఉడకబెట్టిన కషాయంలో నానబెట్టి ఎర్రగా చేసేవాళ్లు, లేకపోతే ఉప్పునీళ్లకి కుళ్లిపోతుంది. ఇంటికొచ్చాక నీడన ఆరవెయ్యాలి. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో కరోథర్స్ అనే ఆయన 1935లో నైలాన్ కనిపెడితే, అది మన పల్లెపాలేల దాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. వచ్చాక మా నాయన దాన్ని వేళ్ల మధ్య నలిపి, "ఇదేం దారంరా, చేతిలో నిలవదు, ముడి జారిపోతాది" అని గొణిగాడు. ఆయన మాట నేను వినలేదు. ఇప్పుడు నా మాట నువ్వు వినకపోతే మాత్రం నాకు రోషమొస్తుంది. న్యాయం కాదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను.

ఇక ఆ ఫ్లోరోకార్బన్. జపానువాళ్ల సరుకు, నీళ్లలో కనపడదంటారు. అదీ అబద్ధం కాదు, వెలుతురు దాంట్లోంచి పోయే తీరు నైలాన్ కంటే నీటికి దగ్గరగా ఉంటుంది. కానీ మన నీళ్లెప్పుడు తేటగా ఉన్నాయి? పెన్న కలిసేచోటికి అటూ ఇటూ ఎప్పుడూ బురదే. ఈశాన్య వానలు పడ్డాక అయితే చెప్పనే అక్కర్లేదు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి గదా, అంత మట్టీ ఎక్కడికి పోయిందనుకున్నావు? ఆ నీళ్లలో చేప వాసన పట్టి తింటుంది, చూసి కాదు. కనపడని దారానికి అంత డబ్బు ఎందుకు?

కాబట్టి నా మాట విని నైలానే కొను. 0.35 మిల్లీమీటర్ల లావుది. పదిహేను నుంచి పద్దెనిమిది పౌండ్లని రాసి ఉంటుంది, అంటే ఏడెనిమిది కిలోలు. ఇంకా లావు వద్దు. దారం లావెక్కేకొద్దీ అల దాన్ని పట్టి లాగి, గుండుని పక్కకి ఈడ్చుకుపోతుంది. రీలు పట్టినంత, రెండొందల యాభై మీటర్లకి తగ్గకుండా చుట్టు. స్పూలు అంచుకి రెండు మిల్లీమీటర్ల దిగువ దాకా నింపు. సగం నింపి, దూరం పడట్లేదని రాడ్డుని తిట్టొద్దు. దారం ఆ ఎత్తయిన అంచుకి రాసుకుంటూ బయటికి రావాలంటే ఎలా పడుతుంది దూరం?

ఆ దారానికి ముందు లావు నైలాన్ ముక్క కట్టు. ఇది మాత్రం కచ్చితంగా విను. నూరు గ్రాముల గుండుని బలంగా విసిరినప్పుడు దారం మీద పడే దెబ్బకి సన్నది పుటుక్కున తెగుతుంది. తెగిన గుండు ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. ఆదివారం మైపాడు ఒడ్డున పిల్లాజెల్లా అంతా నీళ్లలో ఆడుతుంటారు. గుండు బరువు ఇరవై ఎనిమిది గ్రాములకి పది పౌండ్ల చొప్పున లెక్క. నూరు గ్రాములకి నలభై పౌండ్లది, 0.60 లావు. రాడ్డుకి రెండింతల పొడుగుండాలి, విసిరే ముందు అందులో మూడు నాలుగు చుట్లు స్పూలు మీద పడాలి. సీసా రోజుల్లో మాకు ఈ బాధ లేదు, మా దారమంతా లావే. రాడ్డుతో విసిరే బలం వచ్చాక వచ్చిన తిప్పలివి.

ముడి బిగించే ముందు నోట్లో పెట్టి తడి చెయ్యి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడి పుట్టి, నైలాన్ ఆ ముడి దగ్గరే బలం కోల్పోతుంది. పల్లెపాలెం పెద్దాయన ఎంగిలి చెయ్యకుండా ఒక్క ముడీ వేసేవాడు కాదు. మీ వీడియోలవాళ్లు కూడా అదే చెప్తున్నారంట, ఏదో ఒకటి సరిగ్గా చెప్తున్నందుకు సంతోషం. రీలుకి బ్రేకు ఉంటుంది గదా, దాన్ని రెండు కిలోలకి దారం వదిలేటట్టు పెట్టుకో. స్ప్రింగు త్రాసు కొక్కేనికి కట్టి లాగి చూస్తే తెలుస్తుంది. మాకు బ్రేకు అంటే చూపుడు వేలు. చేప పరిగెత్తితే దారం వేలి మీదుగా జారనివ్వాలి, ఆగితే బిగించాలి. వేలి మొదటి గణుపు దగ్గర కోసుకుపోయి, ఉప్పునీళ్లకి చుర్రుమని, నయమైనచోటే మళ్లీ కోసుకుని, అక్కడ చర్మం కాయ కాసిపోయేది. చేప ఎంత పెద్దదో ఆ కాయకే ముందు తెలిసేది. నీ రీలు కిర్రుమంటుంది, అంతే.

ఇంటికొచ్చాక స్పూలుని మంచినీళ్లలో ముంచి తీసి నీడన పెట్టు. నైలాన్‌కి ఎండ శత్రువు. పోయినప్పుడల్లా చివరి నాలుగు మీటర్లు గోటితో రాసి చూడు, ఇసకకి గరుకుదేలితే కోసెయ్. కోసిన ముక్క జేబులో పెట్టుకో. మా నాయన నూలు ఇసకలో పడినా కొన్నాళ్లకి మట్టయిపోయేది, నైలాన్ వందల ఏళ్లు అలాగే ఉంటుందంటున్నారు. చలికాలం దాటే వేళకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకే వస్తాయి. వాటి కాళ్లకీ, పొద్దున్నే వల లాగే మనుషుల కాళ్లకీ నువ్వు పారేసిన చిక్కే చుట్టుకునేది. ఒడ్డున దారం వదిలేసి పోయేవాడు నా మనవడైనా సరే, వాడికి నా దగ్గర మాటల్లేవు.

కొనేసిన ఆ బ్రెయిడ్‌ని తిరిగివ్వలేవు గనక డబ్బాలో పెట్టి ఉంచు, రెండేళ్లాగి అడుగు, అప్పుడు చెప్తా. శనివారం తెల్లారకముందే పడుగుపాడు స్టేషను దగ్గరికి రా. పోటు ఎక్కేలోపు రామతీర్థం చేరాలి. జెల్ల పడితే ముల్లు గుచ్చుకుంటుంది, పట్టుకోడానికి పాత గుడ్డ ఒకటి తెచ్చుకో. మామిడికాయ మీ అవ్వ దగ్గరుంది, పులుసు సంగతి ఆమె చూసుకుంటుంది.