నాలుగో నియమం

కామారెడ్డి పెద్దసారుకు లెక్కల్లో పేరుంది. ముప్ఫై ఏళ్లు బళ్లో చెప్పి, రిటైరయ్యాక రెండు గదులు కిరాయికి తీసుకుని డీఎస్సీ కోచింగ్ పెట్టారు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది. ఆనాటి నుంచి ఆయనకు ఒకటే పట్టు. జిల్లాకు సొంత లెక్కల పుస్తకం ఉండాలి. అందులో ఢిల్లీ రైలూ ముంబయి రైలూ ఎదురెదురుగా రాకూడదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సు పోవాలి. యాపిల్ పండ్లు కాదు, గంజ్ బజారులో బెల్లం తూగాలి.

పెద్దసారు కాక నలుగురు కుదిరారు. దోమకొండ కామర్స్ సారు, లింగంపేట టీచరమ్మ, భిక్నూరు సైన్స్ సారు, ఎల్లారెడ్డి నుంచి ఒక గెస్ట్ లెక్చరర్. ఈ చివరి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. చెప్పిన పీరియడ్లకే జీతం. సెలవులొస్తే అదీ లేదు. అందరూ అతన్ని ఎల్లారెడ్డి పిల్లగాడు అనేవారు.

మొదట డీటీపీ చేయించారు. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో. వాక్యాలు బాగానే వచ్చాయి. భిన్నాలే నిలబడలేదు. ప్రూఫుకో విధంగా లవం పైలైన్లోకి ఎక్కేది, హారం పక్క లెక్కలో పడేది. మూడో ప్రూఫు చూసి పెద్దసారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

అప్పుడు పిల్లగాడు లేటెక్ పేరెత్తాడు. డీటీపీ అతను, "రబ్బరుదా?" అన్నాడు.

రబ్బరుది కాదు. అమెరికాలో డొనాల్డ్ క్నూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1977లో తన పుస్తకం ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక, మరుసటి ఏడాదికల్లా టెక్ అనే పనిముట్టు తానే తయారుచేసుకున్నాడు. దాని మీద 1980లలో లెస్లీ లాంపోర్ట్ కట్టింది లేటెక్. లెక్కల వాళ్లు ప్రపంచమంతటా దీన్నే వాడతారు. ఇందులో పేజీని కంటితో చూస్తూ దిద్దడం ఉండదు. మామూలు ఫైల్లో వాక్యాలూ గుర్తులూ రాసి రన్ చేస్తే పేజీ తయారవుతుంది. ఫైలు వేరు, పేజీ వేరు.

క్నూత్ కథల్లో పెద్దసారుకు బాగా నచ్చింది చెక్కు కథ. తన పుస్తకంలో తప్పు పట్టిచ్చిన వాళ్లకు ఆయన 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు రాసిచ్చేవాడు. అందుకున్న వాళ్లలో చాలామంది దాన్ని బ్యాంకులో వేయలేదు, ఫ్రేము కట్టించుకున్నారు.

"మనం పైసలియ్యలేం గని, తప్పులు చెప్పుమని అడుగుడు మంచిదే తమ్మీ" అంటూ పెద్దసారు డైరీలో రాసుకున్నారు.

ఐదుగురు ఒకే ఫైల్లో రాయాలంటే పద్ధతి కావాలి. పిల్లగాడు పది నియమాలు రాసిచ్చాడు. ఒక్కో వాక్యం ఒక్కో లైన్లో ఉండాలి, అప్పుడే ఎవరు ఏది మార్చారో తెలుస్తుంది. లేటెక్‌కు కొత్త లైను అంటే ఒక ఖాళీ మాత్రమే, పేజీలో అన్నీ కలిసిపోయి ఒకే పేరా అవుతాయి. లెక్కకు నంబరు చేత్తో వేయకూడదు, లేబుల్ పెడితే నంబరు అదే వస్తుంది. ఇక శాతం గుర్తు. లేటెక్‌లో % పెడితే ఆ లైన్లో దాని తర్వాత ఉన్నదేదీ అచ్చులో రాదు. రాసేవాళ్లు తమలో తాము చెప్పుకోవాల్సిన మాటలకు ఆ చోటు వదిలారు. నిజంగా శాతమే అచ్చు కావాలంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

ఈ చివరి నియమం దోమకొండ కామర్స్ సారు మీద మొదట పనిచేసింది. నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టినప్పుడు దాదాపు 29.7 టీఎంసీలు పట్టేది, తర్వాతి లెక్క 17.8 టీఎంసీలు. ఆయన దీన్ని ముచ్చటైన లెక్కగా మలిచి, జవాబులో "సుమారు 40% పూడికతో నిండింది" అని రాశారు. పేజీలో "సుమారు 40" వరకే వచ్చింది. ఎన్ని ప్రభుత్వాలు మారినా కదలని పూడికను ఒక్క గుర్తు ఎత్తిపోసింది. అందరూ నవ్వారు. పెద్దసారు ఎక్కువసేపు నవ్వారు.

నాలుగో నియమం మాత్రం పిల్లగాడు రాసింది కాదు.

రెండో నెలలో పెద్దసారు ఒక లెక్కను "పోచారం ప్రాజెక్టు 1922 సంవత్సరమునందు పూర్తి గావింపబడినది" అని మొదలుపెట్టారు. పిల్లగాడు దాన్ని "పోచారం ప్రాజెక్టు 1922లో పూర్తయింది" అని మార్చాడు. మర్నాడు పెద్దసారు ఫోన్ చేశారు. గొంతు పెంచలేదు.

"నా వాక్యం నువ్వు దిద్దుడేంది తమ్మీ?"

ఆ సాయంత్రం పాత నాలుగో నియమం ఐదయింది. కొత్త నాలుగు ఇలా వచ్చింది. "ఎవరి వాక్యము వారే దిద్దుకొనవలెను. ఇతరులకు తప్పు కనిపించినచో వాక్యమును ముట్టరాదు. దాని క్రింది లైనులో % గుర్తు పెట్టి, తప్పేమిటో వ్రాసి, తమ పేరు వ్రాయవలెను." పెద్దసారు పదకొండు నియమాలనూ ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, తలా ఒకటి పంచారు. ఎల్లారెడ్డికి వెళ్లాల్సింది బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. పిల్లగాడు దాన్ని గదిలో టేబుల్ పైన గోడకు కొట్టుకున్నాడు.

పుస్తకానికి ఎనిమిది నెలలు పట్టింది. కామర్స్ సారు లెక్కలు కాగితం మీద రాసి, వాట్సాప్‌లో ఫోటోలు పంపేవారు. లింగంపేట టీచరమ్మ నోటుబుక్కు బస్టాపులో ఇచ్చేది, పిల్లగాడు బస్సు దిగకుండా కిటికీలోంచి అందుకునేవాడు. సైన్స్ సారు బొమ్మలు గీసిచ్చారు, నాలుగు. టైపు చేసిందీ, జవాబులు సరిచూసిందీ, మండలి ఫాంటులో ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయా అని పేజీ పేజీ చూసిందీ పిల్లగాడే. బెల్లం లెక్కలో మణుగులు వద్దని కిలోల్లోకి మార్చిందీ అతనే. నియమం ప్రకారం ప్రతిచోటా % పెట్టి, ఏం చేశాడో రాసి, పక్కన పేరు పెట్టాడు.

పెద్దసారు అప్పుడప్పుడు ఫైలు తెరిచి చూసి మెచ్చుకునేవారు.

"పేరు రాసుడు మర్వకు తమ్మీ. ఎవరెంత చేసిన్రో రేపు లెక్క తెలువాలె."

ఆయన రాసింది తక్కువ. రాసినంతవరకు శ్రద్ధగా రాసేవారు. టైప్‌రైటర్ మీద నేర్చిన చెయ్యి. అక్షరాన్నీ గుర్తునీ అంటించి కొట్టడం ఆయనకు నచ్చదు. ప్రశ్నార్థకానికి ముందు ఒక ఖాళీ వదిలేవారు, అంకెకూ శాతానికీ మధ్య ఒక ఖాళీ.

కవరు బొమ్మ వచ్చిన రోజు పిల్లగాడు కామారెడ్డిలోనే ఉన్నాడు. కవరు మీద నిజాంసాగర్ గేట్లు, కింద బెల్లం, దాని కింద "రచన" అని పెద్దసారు పేరు. లోపలి పేజీ తిప్పాడు. అక్కడా అదే పేరు. వెనక కవరు చూశాడు. పెద్దసారు ఫోటో.

చాలాసేపటికి అడిగాడు.

"సార్, మా పేర్లు..."

పెద్దసారుకు కోపం రాలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఫైలు తెరిచి, వెతుకు పెట్టెలో పిల్లగాడి పేరు కొట్టారు. తెర మీద 412 అని అంకె వచ్చింది.

"పేరు లేదంటవేంది? 412 చోట్ల ఉన్నది." తర్వాత తన పేరు కొట్టి చూపించారు. "నాది చూడు. ఒక్క కాడ్నే."

పిల్లగాడు ఆఖరి బస్సుకు ఎల్లారెడ్డి వెళ్లిపోయాడు.

రాత్రి పదకొండింటికి పెద్దసారు ముందుమాట రాసి ఫైల్లో పెట్టారు. మొదటి నియమం ప్రకారం ఒక్కో వాక్యం ఒక్కో లైన్లో ఉంది. వెంటనే ఫోన్ చేశారు.

"పొద్దుగాల ప్రెస్సుకు పంపియ్యి. ముందుమాటల ఒక్క అక్షరం ముట్టకు. నాలుగో నియమం యాదికున్నది గదా?"

"ఎదురుంగనే ఉన్నది సార్."

పిల్లగాడు ఫైలు రన్ చేశాడు. ముందుమాట పేజీ చదివాడు. మళ్లీ చదివాడు. తలెత్తి గోడ వైపు చూశాడు. ఫైల్లో ఒక లైను చేర్చి, మళ్లీ రన్ చేశాడు. పేజీలో ఏ మార్పూ రాలేదు. పేజీలు ప్రెస్సుకు పంపాడు. పేజీలూ ఫైలూ రెండూ పెద్దసారుకు పంపాడు. అటు నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది.

పుస్తకం వెయ్యి కాపీలు వేశారు. ఆవిష్కరణ కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. డీఎస్సీ పిల్లలు మూడు వందల మంది దాకా వచ్చారు. లింగంపేట టీచరమ్మ ముందు వరసలో కూర్చుంది. పిల్లగాడు వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. ముఖ్య అతిథి రిటైరైన విద్యాధికారి, పెద్దసారుకు పాత మిత్రుడు. పుస్తకం విప్పి, మిత్రుడి గొప్పదనం ఆయన మాటల్లోనే వినిపిస్తానని ముందుమాట చదవడం మొదలుపెట్టారు.

జిల్లా గురించి రెండు వాక్యాలు చదివారు. మంజీర గురించి ఒకటి. తర్వాత గొంతు సవరించుకుని తర్వాతి వాక్యం చదివారు.

"ఈ పుస్తకంలో 100 తప్పులు దొరికితే నాకు తెలియజేయగలరు."

ఆయన ఆగారు. కాగితాన్ని కాస్త దూరం పెట్టి, మనసులో మళ్లీ చదువుకున్నారు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మూడో వరసలో ఒక అబ్బాయి లేచాడు. వాడి ముఖంలో ఎగతాళి ఏమీ లేదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ప్రశ్నను ప్రశ్నలాగే చూస్తారు.

"సార్, 99 దొరికితే చెప్పొద్దా?"

హాలు ఘొల్లుమంది. శాలువా కప్పించుకున్న పెద్దసారు కూర్చునే ఉన్నారు.

రాత్రి ఇంటికి వచ్చి, శాలువా తీయకుండానే ఫైలు తెరిచారు. ఆయన వాక్యాలు ఆయన రాసినట్టే ఉన్నాయి.

"ఈ పుస్తకంలో 100 % కృషి నా ఒక్కడిదే ."

"తప్పులు దొరికితే నాకు తెలియజేయగలరు ."

రెండింటి మధ్య ఇంకో లైను ఉంది. దాన్ని చదవకుండానే ఫోన్ అందుకున్నారు.

"ఏంది తమ్మీ ఇది? ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్పిన సార్" అన్నాడు పిల్లగాడు. "ఫైల్ల ఉన్నది. నాలుగు వందల పదమూడో చోట."