వర్టికల్ హోల్డ్ బాబాయి

మా వీధిలో టీవీలు మూడు, వాటికి వైద్యుడు ఒక్కడు. మండలాఫీసులో గుమాస్తా. వరసకి బాబాయి. ఆయనింట్లో మాత్రం టీవీ లేదు.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. ఆ ఆదివారం నుంచీ బాబాయి హస్తవాసికి గిరాకీ పెరిగింది. బొమ్మ కాస్త వణికితే చాలు, "బాబాయిని పిలవండ్రా!"

ఆయనకు తెలిసిన జబ్బు ఒకటే. "పిక్చర్ ట్యూబు పోయింది వదినా." తెరంతా ఉప్మారవ్వ చల్లినట్టు చుక్కలొస్తే ట్యూబు. రాముడి పక్కన ఇంకో నీడ రాముడు నిలబడితే ట్యూబు. నిజానికి మొదటిది సిగ్నలు చాలక, రెండోది అదే సిగ్నలు ఏ వాటర్ ట్యాంకుకో తగిలి ఆలస్యంగా రావడం వల్ల. రెంటికీ మందు డాబా మీద యాంటెన్నాలో ఉంది. తిప్పడానికి నేను. గొట్టం పట్టుకుంటే బొమ్మొచ్చేది, వదిలితే పోయేది. లంకాదహనం నేను చెవులతోనే చూశాను.

ఇక దెబ్బ. పెట్టెకు కుడివైపు, పైనుంచి జానెడు కింద, అరచేత్తో ఒక్కటి. నవ్వకండి, లోపల టంకం వదిలిన తీగ ఆ అదురుకి కలుసుకునేది. నాన్న కొడితే మాత్రం ఏమీ అయ్యేది కాదు. "చనువుండాలన్నయ్యా" అనేవాడు బాబాయి.

మూత తీసే రోజు మరీ వేడుక. లోపల వేల వోల్టులుంటాయనీ, స్విచ్చి ఆపేసినా ట్యూబులో కరెంటు నిలవుంటుందనీ ఎవరో మెకానిక్కు చెప్పాడట. నిజమే. అందుకని ఒక చెయ్యి జేబులో పెట్టుకునే పని చెయ్యాలనీ చెప్పాడు. లుంగీకి జేబెక్కడిది? ఆ చేత్తో అమ్మిచ్చిన కాఫీ గ్లాసు పట్టుకునేవాడు.

ఆయనకు నిజంగా వచ్చిన విద్య వర్టికల్ హోల్డ్. 'మళ్లీ పైనుంచి మొదలెట్టు' అని స్టేషను సెకనుకి 50 సార్లు సంకేతం పంపుతుంది. సెట్టు వేడెక్కి తాళం తప్పిందా, బొమ్మ దొర్లుతుంది. దశరథుడి కాళ్లు పైన, కిరీటం కింద. బాబాయి ఊపిరి బిగబట్టి నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పేవాడు. దశరథుడు నిలబడేవాడు.

ఒకరోజు ఆ నాబ్ ఊడి చేతికొచ్చింది. "పిల్లలు పారేస్తారు వదినా" అంటూ బొడ్లో దోపుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ బొమ్మ దొర్లినప్పుడల్లా నేను ఆయనింటికి పరిగెత్తడం, అమ్మ కాఫీ కలపడం.

టీవీ ఇప్పుడు మా అటక మీదుంది. నాబ్ ఇంకా బాబాయి దగ్గరే ఉంది.