వరుస తప్పని డబ్బాలు

పవర్‌పాయింట్‌లో డబ్బాలన్నీ ఎంచుకుని ‘అలైన్’ నొక్కితే చాలు, బుద్ధిగా వరుసలో నిలబడతాయి. ‘డిస్ట్రిబ్యూట్’ అంటే మధ్య ఎడం కూడా సమానం. సమీక్షా సమావేశాల్లో క్రమశిక్షణ ఉన్నది వీటికే! ఇక ఆటోఫిట్ సుగుణం వేరు: పెట్టెలో రాత ఎక్కువైతే అక్షరాలను తనే చిన్నవి చేసేస్తుంది. సాధించినవి రెండు ముక్కలే కనుక దిట్టంగా కనబడతాయి. పెండింగ్ పనుల జాబితా మాత్రం చీమల బారై తెర మీద పాకుతుంది. వెనక వరుసకు కళ్లజోళ్లు, ముందు వరుసకు జీడిపప్పు. 1987 నుంచీ ఉన్న సాఫ్ట్‌వేర్ ఇది. మార్జిన్ కలవలేదని స్లైడు వెనక్కి పంపే అధికారులను రోజూ చూస్తూనే ఉంటుంది. లెక్క కలవలేదని పంపినవాళ్లను ఎప్పుడు చూసిందో దాన్నే అడగాలి.