కాక్‌పిట్‌లో తాళంకప్పను

తుపాకీ అంటే భయపడేవాళ్ళూ నన్ను చూడరు, తుపాకీ మీద మోజున్నవాళ్ళూ నన్ను చూడరు. అమెరికాలో విమానం నడిపే పైలట్‌కు ప్రభుత్వం ఇచ్చిన పిస్తోలు ఒరకు వేసిన తాళంకప్పను నేను. పిస్తోలుది గొప్ప వంశం. జర్మనీ వాళ్ళ హెక్లర్ అండ్ కోఖ్, పాయింట్ ఫార్టీ రకం. నాది ఏ ఇనుప సామాన్ల కొట్లోనైనా దొరికే జాతి. పైలట్లకు తుపాకీలివ్వాలా వద్దా అని ఆ దేశంలో పెద్ద తగవు జరిగింది. ఇవ్వమన్నవాళ్ళు గెలిచారు, వద్దన్నవాళ్ళ అనుమానం మాత్రం తీరలేదు. ఆ తీరని అనుమానమే నేను.

2001 సెప్టెంబర్ 11న 19 మంది చిన్న చిన్న కత్తులతో 4 విమానాలను చేజిక్కించుకున్నారు. అప్పటికి ఎయిర్ మార్షల్స్ అని సాయుధ రక్షకులు 33 మంది ఉండేవారు, వాళ్ళను దేశంలోపల తిరిగే విమానాలకు పంపేవారే కాదు. కాక్‌పిట్ తలుపు ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు భుజం పెట్టి తోస్తే ఊడివచ్చే రకం. ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. కంపెనీ ఒప్పుకుంటే పైలట్ ఆయుధం పెట్టుకోవచ్చన్న నిబంధన 1960ల నుంచీ కాగితం మీద ఉండేది. దాన్ని సరిగ్గా ఆ దాడులకు రెండు నెలల ముందు, జూలైలో కొట్టేశారు.

దాడుల తర్వాత పైలట్ల సంఘాలు పిస్తోళ్ళు కావాలని పట్టుబట్టాయి. కొత్తగా పుట్టిన రవాణా భద్రతా సంస్థకు అప్పుడు జాన్ మగా అధిపతి. అధ్యక్షులను కాపాడే సీక్రెట్ సర్వీస్‌ను నడిపిన మనిషి, తుపాకీ కొత్తేమీ కాదు. ఆయన 2002 మే 21న సెనేట్ కమిటీ ముందు కూర్చుని ఇవ్వనని తేల్చేశాడు. పైలట్ పని విమానాన్ని క్షేమంగా దింపడం, వెనక ఏం జరిగినా తలుపు మూసుకుని ఆ పని చూసుకోవాలి, మిగతాది తలుపూ మార్షల్సూ చూసుకుంటారన్నది ఆయన వాదన. విమాన కంపెనీలూ ఆయనవైపే నిలిచాయి. గురి తప్పి ప్రయాణికుడికి తగిలితే నష్టపరిహారం ఎవరివ్వాలన్నది వాళ్ళ బెంగ.

పైలట్ల జవాబు మాత్రం పదునుగా వచ్చింది. ఇకమీదట విమానం దుండగుల చేతిలో పడితే వాయుసేన ఎఫ్-16లు వచ్చి దాన్ని కూల్చేయడానికి అనుమతి ఉంది. మమ్మల్ని ప్రయాణికులతో సహా క్షిపణితో పేల్చడానికి సిద్ధపడ్డవాళ్ళు, ఆ పరిస్థితి రాకుండా ఆపడానికి మాకొక పిస్తోలివ్వరా అని అడిగారు. నిజానికి అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టే ఉంది వాళ్ళ స్థితి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన నాయకుడు నాకు కనబడలేదు. జూలైలో ప్రతినిధుల సభ 310-113తో, సెప్టెంబర్ 5న సెనేట్ 87-6తో పైలట్ల పక్షం వహించాయి. సెనేట్ ఓటు వేసేనాటికే మగా పదవి వదిలేశాడు. నవంబర్ 25న హోంల్యాండ్ సెక్యూరిటీ చట్టం మీద అధ్యక్షుడు బుష్ సంతకం పడింది. పైలట్లకు పిస్తోళ్ళిచ్చే పథకమూ అందులోనే ఉంది.

ఓట్లు పడినంత తేలిగ్గా నమ్మకం పుట్టదు. చట్టాన్ని అమలు చేయాల్సింది నిన్నటిదాకా వద్దన్న ఆఫీసే. అందుకని రకరకాల షరతులు పెట్టారు. పైలట్ తనంతట తనే ముందుకు రావాలి. మానసిక పరీక్షలు దాటాలి. శిక్షణ ఉచితమే, ప్రయాణమూ బసా మాత్రం సొంత ఖర్చు. అదనపు జీతం ఒక్క డాలర్ కూడా లేదు. ఏటా రెండుసార్లు వచ్చి గురి చూపించుకోవాలి. పిస్తోలును వాడేది కాక్‌పిట్‌ను కాపాడుకోవడానికి మాత్రమే. తలుపు దాటి బయటికి అడుగు పెట్టాలంటే ముందు పిస్తోలుకు తాళం వేయాలి. మూత్రశాలకు వెళ్ళినా సరే, విమానం దిగినా సరే. ఇక్కడ నాకు ఉద్యోగం దొరికింది.

2003 ఏప్రిల్‌లో జార్జియాలోని గ్లింకోలో తొలి జట్టు, 44 మంది, శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. తూటాకు లొంగని కొత్త కాక్‌పిట్ తలుపులు అమర్చడానికి గడువు ముగిసిందీ అదే నెలలో. తలుపూ తుపాకీ ఒకేసారి వచ్చాయన్నమాట. ఏది ఎంత కాపాడిందో విడదీసి చెప్పడం అందుకే ఇప్పటికీ కష్టం.

మా కెప్టెన్ వంతు వచ్చేసరికి శిక్షణను న్యూ మెక్సికోలోని ఆర్టీసియాకు మార్చారు. ఎడారి మధ్యన చమురు శుద్ధి కర్మాగారం ఉన్న చిన్న ఊరు. ఆయన సెలవు పెట్టుకుని, హోటల్ డబ్బు తనే కట్టుకుని వెళ్ళాడు. అక్కడ నేర్పేది సినిమా కాల్పులు కావు. సీటుకు బెల్టుతో కట్టేసుకుని, ముందుకు చూస్తూ కూర్చున్న మనిషి వెనక తలుపు పగిలిన చప్పుడుకు తిరిగి, రెండడుగుల దూరంలో ఉన్నవాడిని కాల్చాలి. చేయి చాపితే పిస్తోలు లాక్కోగలిగే దూరం అది. అందుకే కాల్చడంతోపాటు పెనుగులాట కూడా నేర్పుతారు. తూటా విమానానికి బెజ్జం పెడితే గాలంతా పోయి అందరూ బయటికి ఎగిరిపోతారన్నది సినిమావాళ్ళు చెప్పిన కథ. ఒత్తిడి సరిచూడటానికి విమానంలో ఎప్పుడూ తెరిచి ఉండే కవాటం తూటా బెజ్జం కన్నా చాలా పెద్దది. అసలు భయం తీగలకూ పరికరాలకూ తగులుతుందని, అంతకన్నా పక్క సీట్లో మనిషికి తగులుతుందని.

మా ఇద్దరి విమానంలో ఎయిర్ హోస్టెస్‌గా చాలాకాలం పనిచేసిన ఒకావిడ కాఫీ ఇస్తూ కెప్టెన్‌ను ఒకసారి అడిగింది. “వెనక నా గొంతు మీద కత్తి పెడితే నువ్వు బయటికొస్తావా?” ఆయన రాను అన్నాడు. రాకూడదు కూడా. తలుపు తెరిస్తే పోయేది ఆమె ఒక్కతే కాదు. ఆవిడకూ ఆ సంగతి తెలుసు. “అయితే ఆ పిస్తోలు నాకోసం కాదుగా” అని కప్పు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. వాదోపవాదాల్లో నేను విన్న మాటలన్నిట్లోకీ సూటైన మాట అదే. విమాన సిబ్బంది సంఘాలు మొదటి నుంచీ అడుగుతున్నదీ ఇదే. ముందున్నవాళ్ళకు ఆయుధమూ ఉక్కు తలుపూ ఇచ్చారు, వెనక మిగిలినవాళ్ళకు ఆత్మరక్షణలో గట్టి శిక్షణైనా ఇవ్వరా అని.

తన తరంవాళ్ళు చెప్పుకునే పాత కథ ఒకటి మా కెప్టెన్ జతగాడికి చెబుతుంటే విన్నాను. 1954 జూలైలో క్లీవ్‌లాండ్ విమానాశ్రయంలో ఆగి ఉన్న డీసీ-6 విమానంలోకి 15 ఏళ్ళ పిల్లవాడు తుపాకీతో ఎక్కి కాక్‌పిట్‌లో దూరాడు. విమానాన్ని మెక్సికో పోనిమ్మన్నాడు. కెప్టెన్ తన సంచిలో ఉన్న పిస్తోలు తీసి కాల్చాడు, పిల్లవాడు చనిపోయాడు. తర్వాత చూస్తే ఆ పిల్లవాడి తుపాకీలో తూటాల్లేవు. 2002లో తుపాకీలు కావాలన్నవాళ్ళకు ఇది చూడండి, పనిచేసింది అని చెప్పుకునే కథ. మా కెప్టెన్ మాత్రం కథ అయ్యాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తప్పు చేశాడని ఆయన అనలేదు, నేనూ అనను. తుపాకీ ఖాళీదని ముందే తెలిసే దారి ఆ కెప్టెన్‌కు లేదు.

ఇప్పుడు నా అసలు సంగతికి వస్తాను. ఒరకు పక్కన ఒక బెజ్జం ఉంటుంది. నా కమ్మీ అందులోంచి దూరి, లోపలున్న పిస్తోలు ట్రిగ్గర్‌కు వెనకగా అవతలికి రావాలి. అప్పుడు ట్రిగ్గర్ వెనక్కి కదలలేదు. అదే పిస్తోలు ఒరలో పూర్తిగా దిగకుండా కాస్త పైకి ఉంటే, అదే బెజ్జంలోంచి నేను ట్రిగ్గర్‌కు ముందుగా దూరుతాను. ఒర మూసి ఉంటుంది కనుక పైలట్‌కు అది కనబడదు. తాళం పడింది కదా అని పిస్తోలును కిందికి అదిమితే, వేలు చేయాల్సిన పని నా కమ్మీ చేసేస్తుంది.

పోలీసు పొద్దున పిస్తోలు నడుముకు పెట్టుకుంటే రాత్రి ఇంటికెళ్ళేదాకా దాన్ని ముట్టుకోడు. మా కెప్టెన్ మాత్రం ఇరుకు కాక్‌పిట్‌లో, అది కూడా విమానం దిగే హడావుడిలో, రోజుకు ఎన్నిసార్లు తీసి పెట్టి తాళం వేసేవాడో. గుండు ఉన్న తుపాకీని ఎన్నిసార్లు ముట్టుకుంటే అన్నిసార్లు ప్రమాదం. ఇది తుపాకీ పట్టిన ఎవరికైనా తెలిసిన పాఠమే. పైలట్లు మొదటి నుంచీ మొత్తుకున్నారు కూడా.

2008 మార్చి 22న డెన్వర్ నుంచి షార్లెట్‌కు వెళ్తున్న ఎయిర్‌బస్ ఏ319 దిగబోతుండగా కాక్‌పిట్‌లో పిస్తోలు పేలింది. పైలట్ దాన్ని సర్దిపెడుతున్నాడు. తూటా విమానం ఎడమ గోడలోంచి బయటికి పోయింది. 124 మంది ప్రయాణికులు, ఎవరికీ ఏమీ కాలేదు, విమానం క్షేమంగా దిగింది. ఆ తర్వాత పెట్టిన విచారణల్లో ఈ ఒరా తాళమూ కలిసిన ఏర్పాటే పొరపాటున పేలే ప్రమాదాన్ని పెంచుతోందని ప్రభుత్వ తనిఖీ అధికారులు రాశారు. పథకం మొదలైన ఇన్నేళ్ళలో దాడి చేయవచ్చిన దుండగుడి మీద ఏ పైలటూ పిస్తోలు పేల్చిన వార్త నేను వినలేదు. ఎగురుతున్న విమానంలో పేలిందని లోకానికి తెలిసిన ఆ ఒక్క తూటా మా జాతిని తగిలించిన ఒరలోంచే వచ్చింది.

ఆ మాటకొస్తే ఏ తాళానికైనా లోపలున్నది దొంగో దొరో తెలియదు. 2015 మార్చి 24న ఆల్ప్స్ పర్వతాల మీద ఒక కో-పైలట్ కెప్టెన్‌ను బయట ఉంచి, అదే ఉక్కు తలుపు వేసుకుని, 150 మంది ఉన్న విమానాన్ని కొండకు ఢీకొట్టాడు. 2022లో అమెరికాలోనే ఒక కో-పైలట్, ప్రయాణికుడికి ఒంట్లో బాగాలేదని దారి మళ్ళిద్దామన్న కెప్టెన్‌ను కాల్చేస్తానని బెదిరించాడని మరుసటి ఏడాది యూటాలో గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపింది. అతనికి ఆ పిస్తోలిచ్చింది ఈ పథకమే. మానసిక పరీక్షలు దాటినవాడే.

మా కెప్టెన్ రిటైరయ్యాడు. పిస్తోలును లెక్క ప్రకారం ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆయన ఇంటి పెరట్లో గడ్డి కోసే యంత్రం పెట్టుకునే గదికి కాపలా.

తీర్పు చెప్పమంటే చెబుతాను. మనిషిని నమ్మితే పిస్తోలిచ్చి వదిలేయాలి, నమ్మకపోతే ఇవ్వనే కూడదు. ఇచ్చి, నాలాంటిదాన్ని తగిలించడం రెండింటికన్నా చెడ్డపని. నన్నడిగితే డబ్బంతా ముందు తలుపు మీద పెట్టమంటాను. పైలట్ బయటికొచ్చే ఆ కొద్ది క్షణాల కోసం తలుపు ముందు ఇంకో అడ్డుగేటు పెట్టాలని చట్టసభ 2018లో చట్టం చేస్తే, నిబంధన రాయడానికి 2023 దాకా పట్టింది. అది కూడా కొత్తగా తయారయ్యే విమానాలకే. అప్పటికే తిరుగుతున్న పాతవాటికి ఆ నిబంధనలో అక్కర్లేదన్నారు. పిస్తోళ్ళ పథకానికి మాత్రం ఒబామా ప్రభుత్వం నిధులు సగానికి తగ్గిద్దామన్నా చట్టసభ దాన్ని నిలబెట్టింది. అది ఇప్పటికీ నడుస్తోంది.

అమెరికాలో ఉన్న మీ పిల్లలు డాలస్‌లో ఎక్కి న్యూజెర్సీలో దిగేటప్పుడు ముందున్న ఇద్దరిలో ఎవరి దగ్గరైనా పిస్తోలు ఉందో లేదో వాళ్ళకు తెలియదు. అడగవద్దని చెప్పండి, పిస్తోలున్న పైలట్ల పేర్లు భద్రతా రహస్యం, ఎవరూ చెప్పరు.