పైసా అడగని అర్జీ

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రివర్యులకు,

కమలాపురం బుడ్డశనగ రైతు నమస్కరించి రాయునది.

అయ్యా, 2006లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక గుహలోని గబ్బిలాల ముక్కుల మీద తెల్లబూజు కనబడింది. చలికాలమంతా నిద్రపోవాల్సిన జీవాలు ఆ బాధకు మధ్యలోనే మేలుకుని, దాచుకున్న కొవ్వు కరిగిపోయి, పురుగన్నది దొరకని మంచులో ఆకలితో చచ్చాయి. అలా లక్షల్లో పోయాయి. అక్కడి సర్కారు గబ్బిలాల కోసం రాష్ట్రాలకు గ్రాంట్లు ఇచ్చింది. జాలిపడి మాత్రమే కాదు లెండి. పురుగుల్ని తిని అవి సేద్యానికి ఏటా మిగిల్చేది కనీసం 370 కోట్ల డాలర్లని 2011లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

తమరు కంగారుపడకండి, మేం నిధులు అడగం. ఆ బూజుకు చలి కావాలి, 20 డిగ్రీలు దాటితే ఎదగదు. మే నెలలో మా ఊరికి దయచేస్తే తమకే తెలుస్తుంది. మా ఎండ ఏ శంకుస్థాపనా లేకుండానే పనిచేస్తోంది.

మా గబ్బిలాల రోగం వేరు. రోడ్డు పక్క మర్రికి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు పగలంతా వేలాడుతూ, ఎండ మండితే రెక్కలతో విసురుకుంటుంటాయి. రోడ్డు వెడల్పు అనగానే ముందు కూలేది ఆ మర్రే. పాడుబడ్డ గోడల్లోని చిన్న గబ్బిలాలు మునిమాపున బయల్దేరి రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగుల్ని పట్టి తింటాయి. శనగపచ్చ పురుగు తల్లులు మా నల్లరేగడి చేలల్లో గుడ్లు పెట్టేదీ రాత్రుల్లోనే. గబ్బిలమనే ఈ పురుగుమందుకు సబ్సిడీ లేదు, క్యూ లేదు. ఆ గోడల్నీ కూల్చేస్తున్నారు.

1972 నాటి వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాల్ని ఎలుకలతో కలిపి హానికర జంతువుల పట్టీలో పెట్టింది. 2022 సవరణతో ఆ పట్టీ రద్దయింది. యాభై ఏళ్లు తలకిందులుగా తపస్సు చేస్తే గానీ దక్కని వరం! మన పక్కనే కోలారు జిల్లా హనుమనహళ్లి గుహలో, మరెక్కడా మిగలని ఒక జాతి గబ్బిలాలు రాళ్ల తవ్వకాలకు బలైపోబోతుంటే, కర్ణాటక అటవీ శాఖ ఆ చుట్టుపక్కల నేలను కాపాడే పనికి దిగింది.

మాకూ అంతే చాలు. గబ్బిలాలు కాపురమున్న చెట్లకు నంబర్లు వేసి, గొడ్డలి పెట్టరాదని ఒక ఉత్తర్వు ఇప్పించండి. ఖర్చు, సంతకానికి పట్టే సిరా.

డబ్బు లేని ఫైలు కదలదన్నదే మా భయం. కావాలంటే అంచనా వ్యయం కోటి రూపాయలని రాసుకోండి. పని మాత్రం ఉత్తపుణ్యానికే చేసిపెట్టండి.

ఇట్లు,
తమ విధేయుడు,
కమలాపురం రైతు