మూన తిరిగిన కుదురు

నేనొక వెంట్రుక కుదురుని. నా సొంత ఊరు మావాడి తల వెనక, రెండు చెవుల మధ్య పట్టీలా ఉండే చోటు. అతను తల్లి కడుపులో ఉండగానే నేను పుట్టాను. మా జాతి అంతా అలాగే పుడుతుంది. బిడ్డ నేలమీద పడ్డాక కొత్త కుదురంటూ ఉండదు. అంతర్వేదిలో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు, పండగలకి అమ్మ తలంటినప్పుడు, కువైట్ విమానం ఎక్కినప్పుడు నేను అతనితోనే ఉన్నాను.

కువైట్ సిటీలో, మిర్గాబ్‌లో, ఆరుగురు సర్దుకునే గది. వచ్చిన నాలుగేళ్ళకి నుదుటి దగ్గరి మావాళ్ళు సన్నబడిపోయారు. గదిలో అందరూ నీళ్ళనే తిట్టారు. ఇక్కడ కుళాయిలో వచ్చేది చాలావరకు ఉప్పు తీసిన సముద్రపు నీరే మరి. కానీ మావాడి నాన్నకీ తాతకీ కోనసీమ నీళ్ళతోనే సరిగ్గా ఇదే తీరులో నుదురు వెనక్కి జరిగింది. మగ హార్మోను నుంచి తయారయ్యే ఒక పదార్థం ముందువైపు కుదుళ్ళని ఏటేటా కుదించేస్తుంది. వెనకున్న మమ్మల్ని మాత్రం అంతగా లొంగదీయలేదు. మమ్మల్ని ఎక్కడికి మార్చినా ఆ గట్టిదనం మాతోనే వస్తుంది. న్యూయార్క్ డాక్టరు నార్మన్ ఓరెంట్రైక్ 1959లో లోకానికి చెప్పింది ఇదే. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1939లో, జపాన్‌లో షోజి ఒకుడా వెంట్రుకలున్న చర్మాన్ని తీసి వేరేచోట నాటాడు. వెంటనే యుద్ధం వచ్చింది, ఆయన రాసింది జపాను దాటలేదు. ఓరెంట్రైక్ కాలంలో నాలుగు మిల్లీమీటర్ల బిళ్ళలుగా కోసి నాటేవారు. అందుకే ఆ రోజుల్లో నాటించుకున్న తలలు చాలావరకు రాళ్ళు పరిచిన బాటలా కనిపించేవి.

నన్ను తీసింది మిల్లీమీటరు కూడా లేని గొట్టపు సూదితో. అది నవంబరు, ఎండ తగ్గిన నెల. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. మావాడు కూడబెట్టుకున్న దినార్లతో, అమ్మానాన్నలకి చెప్పకుండా, నగరంలోనే ఒక క్లినిక్‌లో చేయించుకున్నాడు. చల్లటి సెలైన్ గిన్నెలో మేం వందలమంది ఒకరి పక్కన ఒకరం పడుకున్నాం. శరీరం బయట గడిపే ప్రతి గంటా మాకు ప్రమాదమే. నా వంతు పొద్దున్నే వచ్చింది. నన్ను నాటినామె ఓపికగా, నా పైఅంచు చర్మంతో సమంగా ఉండేలా దింపింది. సాయంత్రం వేరే మనిషి కూర్చున్నాడు, అలసిపోయి ఉన్నాడు. నా పక్క వరసలో కొందరిని పైకే వదిలేశాడు, ఇద్దరిని మరీ లోపలికి నెట్టేశాడు.

చర్మం ఎగుడుదిగుడు కావడానికి అసలు కారణాల్లో ఒకటి అక్కడుంది. పైకి మిగిలిన కుదురు చుట్టూ చర్మం బొడిపెలా మానుతుంది. లోతుకి పోయినచోట గుంట పడుతుంది.

మూడో రోజు వాపు కనుబొమల దాకా దిగింది. పదో రోజుకల్లా చెక్కులు కట్టిన పొలుసులు మెల్లగా రాలాయి. ఆ చెక్కుల్ని గోటితో లాగితే మేం కూడా ఊడిపోతాం. అమెరికాలో బెర్న్‌స్టీన్, రాస్‌మన్ అనే డాక్టర్లు 2006లో ఇదే పరీక్షించి, తొమ్మిది రోజులు దాటాక కుదురుకి భయం లేదని తేల్చారు. మావాడికి ఆ లెక్కలు తెలియవు. అతన్ని కాపాడింది పక్క మంచం మీది రాయచోటి అన్న. చెయ్యి తలమీదికి పోయినప్పుడల్లా "గీకమాకు అబ్బోడా" అని అరిచేవాడు.

చెక్కులు పోయాక అసలు దిగులు మొదలైంది. వేలికి గరుకు, అక్కడక్కడా బొడిపెలు, కొన్ని చోట్ల స్పర్శే లేదు. ఫోన్ టార్చి పక్కనుంచి కొట్టి ఫోటోలు తీసేవాడు. పక్కనుంచి పడిన వెలుగులో ఏ చర్మమైనా గుట్టలు గుట్టలుగానే కనిపిస్తుంది. నెల తిరిగేసరికి నా వెంట్రుక రాలిపోయింది. వేరు లోపలే బతికుంది, నేను నిద్రలోకి వెళ్ళానంతే. పైన మిగిలింది ఎర్రటి, గతుకుల చర్మం. ఆ రాత్రి అతను మెట్లమీద కూర్చుని నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పేశాడు.

వరి పండించే మనిషి ఆయన. కోప్పడలేదు.

"ఊడ్చిన పది రోజులు చేను అలాగే ఉంటాదిరా. ఆకు ఎర్రబడిపోద్ది, చచ్చిందనుకుంటాం. వేరు పట్టాక మూన తిరుగుద్ది. ఈలోగా పీకి చూస్తే ఉన్నదీ పోద్ది. లోతు చూసి పెట్టారా మరి? పైపైన పెడితే తేలిపోద్ది, లోతుకి కూరితే పిలక తొడగదు."

నా సంగతి అంత బాగా చెప్పినవాళ్ళని నేను వినలేదు.

మర్నాడు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆమె భూతద్దంతో చూసి, ఎరుపూ గరుకుదనమూ చాలావరకు నెలల్లో సర్దుకుంటాయంది. కుదుళ్ళ దగ్గర చీము పొక్కులు రెండుంటే మందిచ్చింది. ఓపిక పట్టకూడనివి కూడా ఆమే చెప్పింది: చర్మం నల్లబడి చచ్చినట్టవడం, నొప్పి రోజురోజుకీ పెరగడం, జ్వరం, నెలలు గడిచేకొద్దీ గట్టిపడి ఎదిగే మచ్చ. ఇవి కనిపిస్తే ఆ రోజే డాక్టరుని కలవాలి.

ఫిబ్రవరి చివర నేను లేచాను. మొదట వచ్చిన వెంట్రుక వంకరగా, బిరుసుగా ఉంది. తరవాత మెత్తబడింది. జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగింటి వరకు బయట పని చేయించకూడదని ఈ దేశం నిషేధం పెట్టింది, ఇక్కడి ఎండ అలాంటిది. కొత్త చర్మం ఆ ఎండకి నల్లమచ్చలు పడుతుంది కాబట్టి మావాడు టోపీ లేకుండా మాలియా బస్టాండు దాకా కూడా వెళ్ళలేదు.

మళ్ళీ నవంబరు వచ్చింది. గరుకుదనం పోయింది, స్పర్శ తిరిగొచ్చింది. పైకి వదిలేసిన నా పొరుగువాళ్ళవి నాలుగు బొడిపెలు, లోతుకి పోయినవాళ్ళవి రెండు గుంటలు మాత్రం మిగిలాయి. వాటిని కప్పుతున్నది మేమే, తల తడిస్తే ఇప్పటికీ తెలుస్తాయి. కొద్దిరోజుల వర్క్‌షాపో, వీడియోలో చూసి నేర్చుకున్నదో ఈ పనికి చాలదని భారత జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. మీలో ఎవరైనా నాటించుకోబోతుంటే, ఎన్ని దినార్లని అడిగేముందు గాట్లు ఎవరు పెడతారో, సాయంత్రం దాకా నాటేది ఎవరో అడగండి.